పీఠము దిగువాని కృతజ్ఞత

1962వ సంవత్సరము మార్చి నెల కడపట రెండవ లోకసభ తన తుదిసమావేశమును ముగించుకొన్నప్పుడు సభాపతిపీఠమున నున్నవారు, తిరుపతి చెంత తిరుచానూరున జన్మించి, దేవస్థానమువారి ఉన్నతపాఠశాలలో చదువుకొని, చిత్తూరు న్యాయస్థానములలో వకీలుగా పేరొంది, 1934 మొదలు కేంద్రశాసనసభలో ఆంగ్లప్రభుత్వమును ప్రశ్నలతో ఊపిరాడనీయక, ఒక ఐరోపీయ పత్రికాలేఖకునిచేత 'ఎండెన్' అనిపించుకొన్న మాడభూషి అనంతశయనం అయ్యంగారు. 1914లో మదరాసు తీరముపై గుండ్లు కురిపించి మాయమైన జర్మను యుద్ధనౌక పేరది. మన దక్షిణపు జిల్లాలలో గడుసుపిండమునకు ఆ పేరు బిరుదుగా చిరకాలము నిలిచినది. అట్టి మనిషియు పీఠము దిగు సమయమున, తనకు పూర్వులు చేసినట్లే, తన పిమ్మటివారు చేయుచున్నట్లే, కృతజ్ఞతావచనము పలుకవలసినవాడే.

శాసనసభలలో ఇది యొక ఆచారము. సభ ఆయుర్దాయము తీఱు దినమున, వాదములు, అడ్డుప్రశ్నలు, సభాత్యాగములు అన్నియు సద్దుమణిగిన పిమ్మట, అధ్యక్షుడు లేచి ఉపసభాపతికి, తాను లేనప్పుడు పీఠమును కాచిన అధ్యక్షవర్గమువారికి, సభానాయకునికి, ప్రతిపక్షములవారికి, సభ్యులెల్లరకు, కార్యదర్శికి, ఆతని చేతిక్రింది ఉద్యోగులకు, పత్రికావిలేకరులకు, తుదకు తలుపులకడ నిలుచువారికి వరుసగా కృతజ్ఞతలు చెప్పును. పక్షములవారు లేచి ఆతనిని పొగడుదురు. అచ్చైన ఆ పుటలను పిమ్మట నెవ్వరును తిప్పిచూడరు.

ఈ పుటల విలువనుగూర్చియే ఇద్దఱు బంధువులు తిరుపతిలో నా యెదుట తగవుపడిరి. మామ హైదరాబాదు శాసనసభలో సంక్షిప్తలిపి రిపోర్టరుగా ఉద్యోగకాలమంతయు గడపి, పింఛను పుచ్చుకొని, గోవిందరాజస్వామి గుడికి చేరువ కాపురముండువాడు. మేనల్లుడు చిత్తూరు జిల్లాకోర్టులో వకీలు. ఎదుటివాని వాక్యము పూర్తికాకముందే అందులోని లోపమును పట్టువాడు. వారి మాటలలోని మా సీమ యాసను పుస్తకభాషలోనికి దిద్దితిని. వాదమును మాత్రము దిద్దలేదు.

అల్లుడు: మామా, మీరు కోపగించుకొనకున్న నొకమాట. అందఱికిని సమముగా పంచిన పొగడ్త ఎవ్వరికిని చెందదు. పెండ్లిపత్రిక అడుగున 'బంధుమిత్రుల అభినందనలతో' అని అచ్చువేయుదురు. ఆ బంధువులెవరో, ఆ మిత్రులెవరో వేయించినవానికి పట్టదు, చదివినవానికి అక్కఱలేదు. సభాపతి వీడ్కోలుమాటయు నట్టిదే. ఆ రెండవ లోకసభనే తీసికొనుడు. 1957 డిసెంబరులో ఫిరోజు గాంధి తన పక్షపు ప్రభుత్వమునే నిలువదీసి, జీవితబీమాసంస్థ సొమ్ము కోటి యిరువదినాలుగు లక్షల రూపాయలు ముంధ్రా కంపెనీలలోనికి పోయిన వైనమును సభలో విప్పిచెప్పెను, చాగ్లా విచారణ జరిగెను, ఆర్థికమంత్రి టి.టి.కృష్ణమాచారి మఱుసటి ఫిబ్రవరిలో పదవి వదలుకొనవలసివచ్చెను. ఆ ఫిరోజు 1960లోనే కన్నుమూసెను. కృతజ్ఞతలు పంచుదినమున ఆయన లేడు. ఏండ్ల తరబడి నోరు మెదపక బల్లకానుకొని కూర్చున్నవాడెవడైన నున్నచో, వాడు తన సమానవాటా పుచ్చుకొని యింటికి పోయియుండును.

మామ: అబ్బీ, నీవు ఒక కక్షిదారు పక్షమున మాటలాడుటకు అలవాటుపడినవాడవు, సభాపతికి కక్షిదారులు లేరు. ఐదేండ్లలో ఆయన ఎన్ని నిర్ణయములు చెప్పియుండును! ఒకని వాయిదాతీర్మానమును త్రోసిపుచ్చును. వేఱొకనికి అనుబంధప్రశ్న వేయనిచ్చును. ఒకని మాటను రికార్డునుండి తొలగింపుమనును. మఱియొకని చూపు తనపై పడినను పడనట్లుండును. అట్టివాడు కడపటిదినమున 'ఇతడు ఘనుడు, ఇతడు నన్ను వేధించెను' అని సభ్యులను వేఱుచేసి పలికెనా, ఆ పలుకు వెనుకకు ప్రాకి ఐదేండ్ల నిర్ణయములన్నింటి మీదను మచ్చయై పడును. 'ఓహో, ఫలానావానికి ఆనాడు అవకాశమిచ్చినది ఇష్టుడగుటచేత గాబోలు' అని ఎవడో యొకడు అనకమానడు. సమముగా చెప్పుట చేతకానితనమని నీ వనుకొనుచున్నావు. పీఠము మీద కూర్చుండి చూడుము, అంతకంటె కష్టమైన మాట లేదు.

ఈ సమాధానము నాకు నచ్చినది. కృతజ్ఞతను మనము సాధారణముగా మనసు చేయు పనిగా భావింతుము. ఇచ్చట నది పదవి చేయు పని. న్యాయాధిపతి బదిలీపై పోవునపుడు బారువారందఱికి నొకేమాట చెప్పుట ఇట్టిదే. కాని అల్లుడు అంతటితో లొంగువాడు కాడు.

అల్లుడు: అట్లే కానిండు. చట్టమునకు వత్తము. రాజ్యాంగపు 94వ అధికరణము ప్రకారము సభ రద్దైనను సభాపతి పదవి పోదు. కొత్తసభ తొలిమాఱు కూడుటకు ముందుక్షణమువఱకు ఆయనయే సభాపతి. రెండవ లోకసభ మార్చి 31న రద్దయ్యెను. ఆ నిముసమున ప్రధానమంత్రి మొదలుకొని వెనుకబల్ల సభ్యునివఱకు సభ్యత్వము లేనివారైరి; అయ్యంగారొక్కరే ఏప్రిలు నడుమవఱకు పీఠాధికారులుగా నిలిచిరి. అందఱును పోవుచుండగా పోనివాడొక్కడు లేచి వీడ్కోలు చెప్పుట! దీనిలోని వింతను మీరు చూడరా?

మామ: చూచితిని గనుకనే దానిని గౌరవించుచున్నాను. ఆ మాట తన్నుగూర్చినది కాదు, పోవువారినిగూర్చినది. ఆ మార్చి సమావేశమున బల్లలమీద నున్నవారెవరో తలచుకొనుము. ఫిబ్రవరిలోనే దేశమంతట ఎన్నికలు జరిగినవి. అయినను పాతసభయే మరల కూడవలసివచ్చెను. మొరార్జీ దేశాయి కొన్నినెలల వ్యయమునకు తాత్కాలికపు బడ్జెట్టు తెచ్చెను. గెలిచివచ్చినవారు, ఓడివచ్చినవారు, టిక్కెట్టు దొరకక పోటీయే చేయనివారు, అందఱును అవే స్థానములలో కూర్చుండి, అవే పద్దులకు చేతులెత్తిరి. గెలిచినవానికి నమస్కారములకు కొదవ లేదు, ఊరంతయు పెట్టును. ఓడినవానికి ఆ సభాభవనములో దక్కు కడపటి గౌరవమది.

అల్లుడు: సభ్యులమాట మీకే విడిచితిని. ఉద్యోగులకేల? వారికి నెలకు జీతము, ఏటికి ఇంక్రిమెంటు, తుదకు పింఛను, మీకు వచ్చుచున్నట్లే. ప్రజల సొమ్ముతో పనిచేయించుకొని పైన నొక స్తోత్రమా?

(ఇచ్చట మామ కండువా సవరించుకొని ముందుకు జరిగెను. ఈ విషయముననే ఆయన యెక్కువసేపు మాటలాడెను. నేనును ఎక్కువ వ్రాసికొంటిని.)

మామ: నాయనా, 94 చదివినవాడవు 98వ అధికరణమువఱకు చదువరాదా? ప్రతిసభకును తన సొంతకార్యాలయ ముండవలెనని అందున్నది. అది ఊరక వచ్చినది కాదు. పూర్వము కేంద్రశాసనసభ గుమాస్తాలు ప్రభుత్వపు శాసనశాఖ నౌకరులు. ప్రభుత్వమును నిలువదీయు ప్రశ్న వ్రాసియిచ్చినచో, ఆ కాగితము ప్రభుత్వోద్యోగి చేతిమీదుగానే పోవలెను. ఆతని జీతమును, ఎదుగుదలయు ఆ ప్రభుత్వము చేతిలోనే యుండెను. అధ్యక్షుడైన విఠల్‌భాయి పటేలు దీనికి ఒడంబడక పోరాడెను; మోతీలాలు నెహ్రూ సభలో తీర్మానము పెట్టెను; 1929 జనవరి 10న సభకు వేఱు కార్యాలయ మేర్పడెను. నీ యయ్యంగారు 1934లో అడుగుపెట్టినది అట్టి సభలో. మంత్రి తన గుమాస్తాకు కృతజ్ఞత చెప్పుట మర్యాద. సభాపతి చెప్పునప్పుడు 'వీరు సభవారు, సర్కారువారు కారు' అని రికార్డులో మరల నొకమాఱు ఎక్కించుచున్నాడు. 

ఇంకొకటి వినుము. 1961 మే 6, 9 తేదీలలో వరకట్ననిషేధపు బిల్లుపై లోకసభకును రాజ్యసభకును పొత్తు కుదురక, రాజ్యాంగము వచ్చినతరువాత తొలిసారిగా సంయుక్తసమావేశము జరిగెను; పీఠమున అయ్యంగారే. దానికి పూర్వోదాహరణ యేది? ఎవరు ఎచ్చట కూర్చుండవలెను, ఓట్ల నెట్లు లెక్కింపవలెను, ఏ నియమము ఏ సభది? పీఠము మీదివాడు తడుముకొనకుండ పలికినాడన్న, క్రింద బల్లకడ నుండి చీటీ అందించినవాడు రాత్రి మేలుకొన్నాడన్నమాట. లోకసభ కార్యదర్శి ఎం.ఎన్.కౌల్ పేరు ఆ వ్యవహారము తెలిసినవారికి తెలియును. ఆయన క్రింద పుస్తకములు వెదకినవారి పేర్లు ఎవరికి తెలియును?

అల్లుడు: ఇప్పుడు మీ రిపోర్టర్లమాట రాబోవుచున్నది.

మామ: రానీ, తప్పేమి? రిపోర్టరుబల్ల పీఠమునకు దిగువ, సభకు నట్టనడుమ నుండును. కొన్నికొన్ని నిమిషములకొకడు లేచిపోవును, వేఱొకడు వచ్చి కూర్చుండును. వచ్చువాడు పోవువాని చివరిమాటను చెవిని పెట్టుకొనియే పెన్సిలు కదపవలెను, లేకున్న నడుమ వాక్యము జాఱిపోవును. మా సభలో తెలుగునకు తెలుగు రిపోర్టరు, ఇంగ్లీషునకు ఇంగ్లీషువాడు, ఉర్దూకు ఉర్దూవాడు. ఒకే గౌరవసభ్యుడు ఒకే వాక్యములో మూడింటిని కలిపి వడ్డించినచో ముగ్గురమును మొగమొగములు చూచుకొందుము. బల్లలు చఱచినను, కాగితములు చింపి విసరినను మేము తలయెత్తరాదు. కుండలీకరణములలో 'అంతరాయము' అని వ్రాయుటయే మాకు లోకము నొసగిన వాక్‌స్వాతంత్ర్యము. వీడ్కోలుదినమున మాత్రము విచిత్రము జరుగును. 'రిపోర్టర్లు ఎంతయో శ్రమకోర్చి' అని అధ్యక్షు డనుచుండును; ఆ శ్రమలోనే మేము ఆ మాటను వ్రాసికొనుచుందుము. వినుటకు తీఱిక లేదు, చేయి ఆగరాదు. సభ్యులు బల్లలు చఱతురు. 'హర్షధ్వానములు' అని మా పొగడ్తకు మేమే కుండలీకరణములు కట్టవలెను.

అల్లుడు: (నవ్వి) దీనిని ముందే చెప్పియున్న నేను వాదమునకే దిగకపోదును.

మామ: ఇంకను కలదు. ఒకానొక సభాపతి, ఎవరని అడుగకుము, చివరిదినమున వ్రాసితెచ్చుకొన్న కాగితము చదువుచు చదువుచు ఆగి, తనకు మంచినీళ్లు తెచ్చిపెట్టు అటెండరు పేరు చెప్పి, 'ఇతడు గ్లాసు పెట్టిన చప్పుడు నే నెన్నడును వినలేదు' అనెను. ఆ వంతు నాది. సంకేతములలో ఏదో గీసితిని. గదిలోనికి వచ్చి సాఫుప్రతి వ్రాయబోవగా ఆతని యింటిపేరేమో, అది ఎట్లు వ్రాయవలెనో నాకు తెలియదు. ఎన్నో యేండ్లుగా ఒకే వసారాలో ఎదురుపడినవారము! వెలికి పోయి అడిగితిని. ఆతడు తన పేరు తప్పుగా నేదో వచ్చినదేమో, మెమో ఇత్తురేమో యని బెదరిపోయెను. రికార్డుకొఱకని చెప్పినను నమ్మక, 'నా పేరేల సార్, తీసివేయుడు' అని బతిమాలెను. తీసివేయలేదు. సభాపతి పలికినది తీసివేయుటకు నేనెవడను?

అల్లుడు: మామా, మీరే నా వాదమును గెలిపించితిరి. ఆ యొక్క వాక్యము నిలిచినది, ఆతని పేరు పలికినందున, గ్లాసు సంగతి చెప్పినందున. తక్కిన 'సిబ్బందికెల్ల ధన్యవాదములు' అనునది ఎవ్వని చెవికి నందలేదు. సభ్యులను వేఱుచేయరాదంటిరి, పక్షపాతమని ఒప్పుకొంటిని. అటెండరును పేరుపెట్టి పిలిచిన ఏ పక్షము అలుగును?

మామ: (కొంచెమాగి) ఏ పక్షమును అలుగదు. అచ్చట నీమాటయే న్యాయము. సిబ్బందిని గుంపుగా తలచుట సోమరితనమే.

తగవులో సగము తీఱినదని నేననుకొంటిని. కాని అల్లుడు ఆ సగమును మెట్టుగా జేసికొని పైకెక్కెను.

అల్లుడు: పత్రికలవారికిని కృతజ్ఞత చెప్పుదురు గదా. 1961 ఆగస్టు 29న 'బ్లిట్జ్' సంపాదకుడు కరంజియాను సభాద్వారపు కమ్మీకడ నిలువబెట్టి, ఆచార్య కృపలానీనిగూర్చి పరుషముగా వ్రాయించినందుకు సభ పక్షమున మందలించినవారు ఈ అయ్యంగారే. ఏడునెలలలో ఆ నోటనే పత్రికాలోకమునకు వందనములా?

మామ: మందలింపుమని సభ తీర్మానించెను, ఆయన సభకు నోరు. దానితో దీనికేమి? ఇది నీవు కోర్టులో ఆఖరున వదలు నాసిరకపు పాయింటు.

అల్లుడు: సరే, మంచి పాయింటు వినుడు. మన రాయలసీమనుండి పీఠమెక్కినవారిని చూడుడు. అనంతశయనంగారు మార్చిలో సభ ముగించి మే నెలలో బీహారు గవర్నరుగా పాట్నా చేరిరి. అనంతపురపు నీలం సంజీవరెడ్డిగారు 1967లో సభాపతి కాగానే కాంగ్రెసు సభ్యత్వమునకు రాజీనామా ఇచ్చి మెప్పు పొందిరి. 1969 జూలైలో రాష్ట్రపతిపదవికి పోటీచేయుటకు పీఠము విడిచి, వి.వి.గిరి చేతిలో ఓడిరి. 1977లో మరల సభాపతియై, నాలుగు నెలలు నిండీ నిండకముందే రాష్ట్రపతిభవనమునకు తరలిరి. మన చిత్తూరు జిల్లా నల్లారి కిరణ్‌కుమార్ రెడ్డిగారు 2010 నవంబరులో శాసనసభాపతి పీఠమునుండి తిన్నగా ముఖ్యమంత్రి కుర్చీకి పోయిరి. ఎవ్వరిదియు తప్పని అనను. కాని ఒక కాలు వేఱొక గడపమీద నున్నవాడు వెనుదిరిగి చెప్పు కృతజ్ఞతకు నిండుతన మెచ్చటిది?

మామ: పోనీ, చెప్పుటకు వ్యవధియే దొరకనివారిని లెక్కించితివా? తొలి సభాపతి మావళంకర్ 1956 ఫిబ్రవరిలో పదవిలోనుండగనే పోయెను. అయ్యంగారు పీఠమెక్కినదే ఆ దుఃఖములో, మార్చి 8న. ఆంధ్రప్రదేశ్ తొలి సభాపతి అయ్యదేవర కాళేశ్వరరావుగారు 1962 ఫిబ్రవరిలో, ఎన్నికల సందడిలోనే, పదవిలోనే కన్నుమూసిరి. విఠల్‌భాయి 1930లో వైస్రాయికి రాజీనామాలేఖ పంపి వెడలెను. తన కార్యాలయమును తానే కట్టించుకొన్న మనిషికి ఆ కార్యాలయమువారివైపు తిరిగి రెండుచేతులు జోడించు తరుణము లేకపోయెను. నీవు పనికిమాలిన ఆచారమనునది, నాయనా, చాలమందికి దొరకలేదు.

అల్లుడు: దొరికినవారు ఎవరికి చెప్పవలెనో వారికి చెప్పిరా అన్నది నా ప్రశ్న. సభకు చెప్పిరి, సిబ్బందికి చెప్పిరి. చిత్తూరు నియోజకవర్గమువారి సంగతి యేమి? 1962 ఫిబ్రవరిలో ఓటువేసి అయ్యంగారిని మరల గెలిపించిరి; వేలిమీది సిరాగుర్తు మాసిన కొలదిదినములకే ఆయన గవర్నరుపదవికై ఆ స్థానమును వదలిరి. ఉపఎన్నిక వచ్చెను. చిత్తూరువారు ఎవరిని పంపిరి? స్వతంత్రపార్టీ అధ్యక్షుడు ఎన్.జి.రంగాను! ఆయన రెండవ లోకసభలో తెనాలి సభ్యుడు. ఆ ఫిబ్రవరిలో తెనాలిలో ఓడినవాడు. మీరు ఇందాక కరుణించిన ఓడినవారి పట్టికలో ఆయనయు నొకడు. వీడ్కోలు చెప్పినవాని స్థానమునకు వీడ్కోలు అందుకొన్నవాడు వచ్చి కూర్చుండెను. చెప్పక పోయినవానికి చిత్తూరు ఇచ్చిన జవాబు అది.

మామ: జవాబని నీవనుచున్నావు. రంగాగారు రైతునాయకుడు, 1959లో నాగపూరు కాంగ్రెసు సహకారవ్యవసాయమునకు తీర్మానింపగా ఎదిరించి, కాంగ్రెసునే వీడినవాడు. చెఱకు, వేరుసెనగ పండించుకొను మన రైతు తన భూమి తనకుండునన్న మాట విని ఓటువేసెను. అయ్యంగారిమీద అలిగి కాదు. ఆయన మాత్రము ఎక్కడికి పోయిరి? బీహారునుండి తిన్నగా తిరుపతికే వచ్చి, సంస్కృతవిద్యాపీఠము బాగోగులు చూచుకొనుచు, 1978లో కన్నుమూయువఱకు ఈ ఊరివారికి అందుబాటులోనే ఉండిరి.

అల్లుడు: తిరిగివచ్చుట వేఱు, చెప్పిపోవుట వేఱు.

మామ: చెప్పిపోలేదని నీకెవరు చెప్పిరి? వీధివీధికి పోయి, అరుగులమీద కూర్చుండి చెప్పిన మాటలకు రిపోర్టరు ఉండడు, అబ్బీ.

అల్లుడు: రిపోర్టరు లేనిచో సాక్ష్యమునకు రాదు, మామా, మా కోర్టులో కొట్టివేయుదురు.